పరంగిమలై కింద ఆరు వేల గుర్రాలు

చెన్నపట్నం కోట కథలు – 14వ భాగం

1769 మార్చి 29. సెయింట్ జార్జి కోటలో ఉన్న కంపెనీ దొరల చెవిన ఒక కబురు పడింది: మైసూరు హైదరాలీ పరంగిమలై దగ్గర దిగాడు. కొండ నుంచి కోటకి గుర్రం మీద గంట, గంటన్నర దారి. దొరల లెక్క ప్రకారం ఆయన అప్పటికి మదరాసుకి దక్షిణాన నూరు మైళ్ల పైచిలుకు దూరంలో ఉండాలి. కర్నల్ జోసెఫ్ స్మిత్ సైన్యం ఆయన్ని వెంటాడుతూ ఉండాలి. స్మిత్ వెంటాడుతూనే ఉన్నాడు, కాకపోతే బాగా వెనకపడిపోయాడు.

హైదర్ వెంట వచ్చినవి ఆరు వేల గుర్రాలు, ఏరి తెచ్చుకున్న రెండు వందల కాల్బలం. తోపు ఒక్కటి లేదు. తోపులు లేకుండా ఆ కోటని ఎవరూ ఏమీ చేయలేరు. పదేళ్ల కిందట ఫ్రెంచి సేనాని లాలీ పెద్ద పెద్ద తోపులతో రెండు నెలలు బాదినా లొంగని గోడలవి. అయినా వారం తిరిగేసరికి కంపెనీ సంధి పత్రం మీద సంతకం పెట్టింది. ఆ రెండేళ్లలో జరిగిన పెద్ద పోరాటాల్లో చాలావాటిలో గెలిచింది కంపెనీయే. గెలుస్తూ గెలుస్తూనే కాళ్లబేరానికి ఎలా వచ్చారన్నది ఈ భాగం కథ.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. గెరిల్లా పోరాటం అనగానే మన తెలుగువాళ్లకి మన్యం అడవి, అల్లూరి సీతారామరాజు కళ్లముందు మెదులుతారు. హైదరాలీ అడవుల్లో దాక్కున్నవాడు కాదు, ఒక రాజ్యాన్ని ఏలుతున్నవాడు. తలలు లెక్కపెడితే పెద్ద సేన కూడా ఆయనదే. గెరిల్లా పోరాటం చిన్నవాడి ఆయుధం కదా, మరి ఆయన చిన్నవాడెలా అయ్యాడు? ఆ సంగతి 1767 సెప్టెంబరులో తేలింది. అప్పటికి హైదరాబాదు నిజాం అలీ హైదర్‌తో చేయి కలిపి ఉన్నాడు. సెప్టెంబరు 3న చెంగం దగ్గర, 26న తిరువణ్ణామలై దగ్గర ఈ ఇద్దరి సేనలూ స్మిత్ పటాలాలతో ఎదురుబొదురుగా తలపడ్డాయి. రెండుచోట్లా చిత్తయ్యాయి. కంపెనీ సిపాయిలు వరసకట్టి నిలబడి, ఒక్క ఆజ్ఞకి ఒక్కసారిగా తుపాకులు పేలుస్తారు. ముందు వరస పేల్చి మందు దట్టించుకునే లోపల వెనక వరస పేలుస్తుంది. ఆ పటాలాల్లో మన తెలుగు సిపాయిలు బోలెడుమంది. అలాంటి నిప్పుల గోడ మీదికి ఎన్ని వేల గుర్రాలు ఉరికినా బూడిదే. కాబట్టి సేన చిన్నదా పెద్దదా అన్నది తలల్ని బట్టి కాక, బయలులో ఎదురు నిలిస్తే ఎవరు మిగులుతారన్న దాన్ని బట్టి చూసుకోవాలి. అలా చూస్తే హైదర్ చిన్నవాడే. ఆ సంగతి ముందుగా గ్రహించింది కూడా ఆయనే. తిరువణ్ణామలై తరవాత నిజాం తన దారి తాను చూసుకుని, మరుసటేడు కంపెనీతో సంధి చేసుకున్నాడు. హైదర్ మాత్రం యుద్ధం మానలేదు, యుద్ధం చేసే పద్ధతి మార్చాడు.

ఎద్దు నడిస్తేనే సైన్యం నడక

కంపెనీ సైన్యం కదలాలంటే ముందు ఎద్దు కదలాలి. తోపుని ఈడ్చేది ఎద్దు, గుండ్లు మోసేది ఎద్దు, డేరాలు, బియ్యం బస్తాలు, దొరల సారాయి పెట్టెలు అన్నిటికీ ఎద్దే. సిపాయిల వెనక వంటవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, చాకళ్లు, అంగళ్లవాళ్లు, పెళ్లాం బిడ్డలు. పోరాడేవాళ్లకన్నా వెంట నడిచేవాళ్లు ఎన్నో రెట్లు. ఊళ్ల మధ్య ధాన్యం చేరవేసే లంబాడీల ఎడ్ల మందలు రాకపోతే అందరూ పస్తే. ఇంత బలగం రోజుకి పది పన్నెండు మైళ్లు నడిస్తే అదే గొప్ప. దీన్ని కాపలా కాయడానికి కావలసిన రౌతులు కంపెనీకి లేరు. ఆర్కాటు నవాబు మహమ్మదలీ పంపిన ఆశ్వికదళం ఉందంటే ఉంది గానీ, జీతాలు అందని ఆ రౌతుల్ని నమ్ముకున్నవాడు చెడ్డాడనే చెప్పాలి.

హైదర్ బలం సరిగ్గా ఇక్కడే. ఆయన పుట్టింది కోలారు దగ్గర బూదికోటలో. కన్నడం, తెలుగు, తమిళం, మరాఠీ, హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. చదవడం రాయడం మాత్రం రాదు. మామూలు సైనికోద్యోగిగా మొదలుపెట్టి 1761 నాటికి మైసూరు రాజ్యం చేతిలోకి తెచ్చుకున్నాడు. ఆయన రౌతుల్లో సర్కారు గుర్రం ఎక్కినవాళ్లూ ఉన్నారు, సొంత గుర్రం తెచ్చుకుని కొలువు చేసేవాళ్లూ ఉన్నారు. వెంట దోపిడీ గుర్రాల గుంపులు. వీళ్లకి బస్తాలు మోసే ఎద్దులు అక్కర్లేదు. దారిలో దొరికిందే తిండి, పొలంలో ఉన్నదే మేత.

దండెత్తి వచ్చే సేనకి మేత, నీళ్లు లేకుండా చేసే ఎత్తు కూడా ఆయనకి తెలుసు. అదే 1767 మొదట్లో పీష్వా మాధవరావు దండెత్తి వచ్చినప్పుడు దారిలోని చెరువుల కట్టలు తెగ్గొట్టించాడు, గడ్డి తగలబెట్టించాడు, బావుల్లో జెముడు నరికి వేయించాడు. ఏం లాభం? మాధవరావువి కూడా తేలిక గుర్రాలే. ఆగకుండా వచ్చేశాయి. తన ఎత్తు మరాఠాల మీద పారదని, ఎద్దుల మీద ఆధారపడ్డ సైన్యం మీదే పారుతుందని హైదర్‌కి అప్పుడే తెలిసి ఉండాలి. తరవాత కంపెనీ మీద అదే ప్రయోగించాడు. వెయ్యి రూపాయల గుర్రాన్ని రెండు పైసల గుండుకి ఎదురుగా పంపేంత వెర్రివాణ్ని కానని, మీ సిపాయిల్ని కాళ్లు వాచేదాకా తిప్పుతానని, పోరు ఎప్పుడన్నది మీరు కాదు, నేను నిర్ణయిస్తానని ఆయన ఇంగ్లీషువాళ్లతో అన్నట్టు చెబుతారు. అన్నా అనకపోయినా చేసింది మాత్రం అదే.

మొదటి రుచి మదరాసుకి ఆ సెప్టెంబరులోనే తగిలింది. పెద్ద సేనలు తిరువణ్ణామలై దగ్గర కొట్టుకుంటూ ఉండగా హైదర్ కొడుకు టిప్పు, అప్పటికింకా పదిహేను పదహారేళ్ల కుర్రాడు, రౌతుల్ని వెంటబెట్టుకుని మదరాసు శివార్లలోకి వచ్చిపడ్డాడు. శాంథోం దాకా దోపిడీ సాగింది. గవర్నరు బూర్షియరూ నవాబూ తోట బంగళాలో చిక్కిపోబోయారని, ఎదుట సముద్రంలో ఉన్న ఓడ వాళ్లని గట్టెక్కించిందని చెప్పుకునేవారు. తండ్రి ఓడాడన్న కబురు రాగానే టిప్పు వెనక్కి తిరిగాడు. దొరలు ఊపిరి పీల్చుకున్నారు. పీల్చుకుని ఊరుకున్నారు, అదే వాళ్లు చేసిన తప్పు.

హోసూరు, కోలారు, ఒక గొలుసు తెంచుకున్న ఏనుగు

1768లో కంపెనీ ధీమాగా కనుమలెక్కింది. కృష్ణగిరి, హోసూరు, కోలారు, ముళబాగిలు ఒకటొకటే చేతికొచ్చాయి. ఇవన్నీ మన భాష వినిపించే ఊళ్లే. హోసూరు అంగడి వీధిలో ఈనాటికీ తెలుగులోనే బేరమాడవచ్చు. ఇక శ్రీరంగపట్నమే తరవాయి అనుకుని మదరాసు కౌన్సిలు తన సభ్యుల్ని ఇద్దరిని సైన్యం వెంట పంపింది. స్మిత్ ఎటు నడవాలో, ఎక్కడ ఆగాలో వాళ్లు చెబుతారట! నవాబు కూడా పరివారంతో తరలివచ్చాడు. సైన్యానికి కావలసిన ఎద్దులూ బియ్యమూ కంట్రాక్టుల మీద వచ్చేవి, ఆ కంట్రాక్టుల్లో కౌన్సిలు దొరల చేతులు ఉండేవి. కాగితం మీద ఎద్దులు నిండుగా ఉండేవి, కొట్టంలో బక్కచిక్కి ఉండేవి. శత్రువు ఏ కీలు మీద కొడుతున్నాడో ఆ కీలునే తమవాళ్లు అరగదీస్తుంటే స్మిత్ ఏం చేయగలడు?

ఈ దండులో ఇంగ్లీషువాళ్ల పక్షాన ఒక్క ఘటికుడు ఉన్నాడు. ఆయన మన అనంతపురం సీమవాడు, గుత్తి కోట ఏలిన మురారి రావు ఘోర్పడే. మరాఠా రౌతు, హైదర్ ఆట నేర్చిన బడిలోనే నేర్చినవాడు. 1768 ఆగస్టులో హొసకోట దగ్గర స్మిత్ విడిదికి కాస్త ఎడంగా మురారి రావు డేరాలు వేసుకున్నాడు. ఆయన్ని విడిగా ఉండగానే దెబ్బతీయాలని ఆగస్టు 22 రాత్రి హైదర్ రౌతులు మీద పడ్డారు. చీకట్లో గుర్రాల దాడి అంటే ఎవరు ఎవరో తెలియని గందరగోళం. విడిదిలో ఉన్నవాళ్లు బెదిరి గుర్రాలెక్కితే ఒకళ్లనొకళ్లే నరుక్కుంటారు. హైదర్ కోరుకున్నది అదే. మురారి రావు ఇచ్చిన ఆజ్ఞ ఒక్కటే: మనవాడెవడూ గుర్రం ఎక్కొద్దు, గుర్రం పక్కనే నిలబడి కత్తి పట్టండి, ఎక్కి కనబడ్డవాణ్ని నరకండి. దాంతో చీకట్లో గుర్రం మీద ఉన్న ప్రతివాడూ శత్రువే అయ్యాడు. ఇది చాలదన్నట్టు దెబ్బతగిలిన ఏనుగు ఒకటి గొలుసు తెంచుకుని, ఆ గొలుసునే తొండంతో పట్టుకుని గిరగిర తిప్పుతూ వచ్చినవాళ్ల మీద పడింది. స్మిత్ పటాలాలు చేరుకునేసరికి మైసూరు రౌతులు వెనక్కి తిరిగిపోయారు. దొంగదెబ్బ తీసేవాడి గుట్టు ఆ పని చేయగలిగినవాడికే తెలుస్తుంది. మురారి రావులాంటి వాళ్లు నలుగురుంటే ఈ కథ వేరేగా ఉండేదేమో.

కానీ ఉన్నది ఒక్కడే. మిగతా చోట్ల కంపెనీకి అదృష్టమే దిక్కయింది. అక్టోబరు 4న ముళబాగిలు కొండల మధ్య కర్నల్ వుడ్ దాదాపు మునిగిపోయే దశలో ఉండగా, కెప్టెన్ బ్రూక్ అనేవాడు జబ్బుపడ్డ సిపాయిల్ని, గాయపడ్డవాళ్లని కూడగట్టి, రెండు తోపులు ఒక బండ మీదికి ఎక్కించి, స్మిత్ వచ్చాడు, స్మిత్ వచ్చాడు అని కేకలు పెట్టించాడు. స్మిత్ అక్కడ లేనే లేడు. ఆ పేరు వినగానే మైసూరు సేన వెనకాడింది. ఇంగ్లీషువాళ్లు ఆ రోజు గట్టెక్కింది తుపాకులతో కాదు, బొంకుతో.

నెల తిరిగేసరికి ఆ అదృష్టమూ పోయింది. కౌన్సిలు స్మిత్‌ని మదరాసుకి పిలిపించుకుని, వుడ్‌కి దండు అప్పగించింది. నవంబరులో హైదర్ హోసూరుని ముట్టడించాడు. వుడ్ బరువులు తగ్గించుకోవాలని పెద్ద తోపుల్ని, సామగ్రిని, ఎద్దుల్ని, వెంట ఉన్న జనాన్ని పక్కనే ఉన్న బాగలూరులో దింపి, రాత్రికి రాత్రి హోసూరు మీదికి నడిచాడు. హైదర్‌ని నిద్రలో పట్టుకుందామన్న ఆలోచన బాగానే ఉంది. హైదర్ నిద్రపోవడం లేదు. వుడ్ హోసూరులోకి అడుగుపెడుతుంటే హైదర్ చుట్టు తిరిగి బాగలూరు మీద పడ్డాడు. బయట ఉన్న జనం, పశువులు ఒక్కసారిగా కోట గుమ్మం వైపు తోసుకున్నారు. ఆ తొక్కిడిలో ఆడవాళ్లూ పిల్లలూ ఎందరో నలిగి చచ్చారు. వుడ్ తోపుల చప్పుడు విని వెనక్కి పరుగెత్తి వచ్చేసరికి పెద్ద తోపులు, సామగ్రి, ఎద్దులు బెంగుళూరు దారి పట్టాయి. ఒక్క పటాలం కూడా ఓడలేదు. అయినా సైన్యం చతికిలబడింది.

డిసెంబరులో హైదర్ కనుమలు దిగి బారామహల్‌లోకి వచ్చాడు. ఏడాదిపాటు కష్టపడి కంపెనీ పట్టుకున్న కోటల్లో చాలావరకు ఆరు వారాల్లో పోయాయి. ఊరికి ఇంతమంది చొప్పున చిన్న చిన్న దళాల్ని కోటల్లో పంచి పెట్టడం వల్ల ఏ కోటలోనూ నిలబడే బలం లేకపోయింది. దారిలో దొరికిన చిన్న దళాల్ని మైసూరువాళ్లు ఒక్కొక్కటిగా తుడిచిపెట్టారు.

మూడున్నర రోజులు

ఇప్పుడు మార్చికి వద్దాం. మదరాసు కౌన్సిలు మళ్లీ స్మిత్‌నే పంపింది. హైదర్ ఆయన్ని ఊరిస్తూ దక్షిణానికి, ఇంకా దక్షిణానికి లాక్కుపోయాడు. ఈలోపల రాయబారాలు కూడా నడిచాయి, ఏవీ తెగలేదు. మదరాసుకి నూట నలభై మైళ్ల దూరానికి స్మిత్ చేరాక హైదర్ అసలు పాచిక వేశాడు. తోపుల్ని, బరువు సామాన్లని, మిగతా కాల్బలాన్ని, పెద్ద సేనని ఆత్తూరు కనుమ గుండా మైసూరు వైపు పంపేశాడు. తను ఆరు వేల రౌతుల్ని తీసుకుని ఉత్తరానికి తిరిగాడు. నూట ముప్ఫై మైళ్లు, మూడున్నర రోజులు. అంటే రోజుకి అరవై కిలోమీటర్ల దౌడు, మార్చి ఎండల్లో. ఎద్దులతో స్మిత్‌కి అదే దారి పది పన్నెండు రోజుల పని. ఎద్దుల్ని వదిలేసి ఎంత తోలినా గుర్రాన్ని అందుకోలేడు.

పరంగిమలై దగ్గర దిగి హైదర్ కోటకి ఉత్తరం పంపాడు. గోడలు బద్దలుకొడతానని బెదిరించలేదు. సంధి మాట్లాడడానికి వచ్చానన్నాడు. కాబోయే గవర్నరు జోసయాస్ డుప్రేని పంపమన్నాడు, స్మిత్‌ని ఉన్నచోటే ఆగమని ఆజ్ఞ పంపించమన్నాడు. ఎవరు రావాలో, ఎవరు ఆగాలో చెప్పింది ఆయనే. దొరలు రెండూ చేశారు.

వాళ్ల భయం కోట గురించి కాదు. కోట బయట ఉన్నదాని గురించి. ఆ రోజుల్లో కాస్త డబ్బు చేసుకున్న ప్రతి దొరా కోట గోడలు దాటి తోట బంగళా కట్టుకున్నాడు. నవాబు మహమ్మదలీ చేపాకంలో మహలు లేపింది 1768 ప్రాంతంలోనే. తిరువల్లిక్కేణి, మైలాపూరు, శాంథోం ఏ గోడా లేని ఊళ్లు. కోటకి ఉత్తరాన ముత్యాలపేట, పెద్దనాయకన్‌పేట. దుబాసీలు, సాహుకార్లు, నేతగాళ్లు, అద్దకంవాళ్లు ఉన్న పేటలు, కంపెనీ గుడ్డల వ్యాపారానికి ప్రాణం. వాటికి ఉన్నది అంతంత మాత్రం రక్షణ. తుపాకి పేల్చకుండానే ఈ ఆస్తినంతా హైదర్ తాకట్టు పట్టాడు. కోటలో ఉన్న దొరలు సైనికులుగా ఆలోచిస్తే వారం పది రోజులు తలుపులు మూసుకుని స్మిత్ కోసం చూసేవాళ్లే. వాళ్లు షావుకార్లు, షావుకార్లుగానే ఆలోచించారు.

ఏప్రిల్ మొదటి వారంలో సంధి కుదిరింది. ఒకరివి ఒకరు పట్టుకున్న ఊళ్లు తిరిగి ఇచ్చుకోవాలి, ఖైదీల్ని వదలాలి, ఒకరి మీద మూడోవాడు దండెత్తితే రెండోవాడు సాయానికి రావాలి. కంపెనీ మిత్రుల జాబితాలో తంజావూరు రాజుతో పాటు మన గుత్తి మురారి రావు పేరు కూడా ఉంది. పత్రం చూస్తే ఎవరూ గెలవనట్టే ఉంటుంది. కానీ మూడో షరతు కోసమే హైదర్ ఇంత దూరం వచ్చాడు. ఆయన వెన్నులో చలి పుట్టించేవాళ్లు ఇంగ్లీషువాళ్లు కాదు, పుణే మరాఠాలు.

సంధి మర్నాడు కోట గుమ్మానికి ఒక బొమ్మ అంటించారని ఒక ఫ్రెంచివాడు రాశాడు. అందులో గవర్నరూ కౌన్సిలూ హైదర్ ముందు మోకరిల్లి ఉంటారు. డుప్రే ముక్కు ఏనుగు తొండంలా సాగి ఉంటుంది. హైదర్ దాన్ని పిండుతుంటే బంగారు నాణాలు రాలుతుంటాయి. పక్కన స్మిత్ సంధి పత్రం పట్టుకుని తన కత్తి తానే విరుచుకుంటుంటాడు. ఫ్రెంచివాడు రాసినది కాబట్టి ఉప్పూ కారం దట్టంగానే ఉంటాయి. స్మిత్ మనసులో మాట మాత్రం ఆ బొమ్మ సరిగ్గానే పట్టుకుంది.

యుద్ధం తాలూకు కబుర్లు ఆ మే నెలలో లండను చేరగానే కంపెనీ వాటాల ధర ఢమాలుమని పడింది. ఎద్దుల కంట్రాక్టుల్లో మదరాసు దొరలు మిగుల్చుకున్నదానికి లండను వాటాదార్లు అలా బాకీ కట్టారు.

కోటలోవాళ్లకి ఈ పాఠం కొత్తా?

కొత్త కాదు. ఇంకా చెప్పాలంటే అది వాళ్ల సొంత పాఠమే. లాలీ ముట్టడి కథ ఈ ధారావాహికలో ముందే చెప్పుకున్నాం. అప్పుడు కావాలనే ఒక మనిషిని పక్కన పెట్టాను, ఇక్కడ చెప్పవచ్చని. ఆయన కంపెనీ సిపాయిల కమాండెంటు మహమ్మద్ యూసుఫ్ ఖాన్. తమిళులు మరుదనాయగం అంటారు.

1758 డిసెంబరులో లాలీ పేటల్ని పట్టుకుని కోటని ముట్టడించాడు. లోపల గవర్నరు పిగట్, కర్నల్ స్ట్రింగర్ లారెన్సు. అందరి చూపూ కోట బురుజుల మీదే. అసలు తిరకాసు మాత్రం దక్షిణాన చెంగల్పట్టు కోటలో ఉంది. ఆ కోట ఇంగ్లీషువాళ్ల చేతిలోనే మిగిలిపోయింది. పుదుచ్చేరి నుంచి లాలీకి వచ్చే బియ్యం, మందుగుండు అన్నీ ఆ చుట్టుపక్కల దారులనే రావాలి. తిరుచిరాపల్లి నుంచి రెండు వేలమంది సిపాయిలతో వచ్చిన యూసుఫ్ ఖాన్, చెంగల్పట్టులో ఉన్న కెప్టెన్ ప్రెస్టన్‌తో కలిసి ఆ దారుల మీద పడ్డాడు. బళ్లని కొట్టడం, ఎద్దుల్ని తోలుకుపోవడం, ఫ్రెంచివాళ్లకి ధాన్యం ఇచ్చే ఊళ్లని భయపెట్టడం. లాలీ దళాన్ని పంపితే మాయం, దళం వెనక్కి పోతే ప్రత్యక్షం. ఇదే పరంగిమలై దగ్గర డిసెంబరు ఆఖరున ఫ్రెంచివాళ్లు వీళ్ల విడిది మీద దాడి చేసి చెల్లాచెదురు చేశారు కూడా. రెండు రోజుల్లో మళ్లీ పోగయ్యారు. లాలీయే తరవాత వీళ్లని ఈగలతో పోల్చాడు, ఒక పక్క తోలితే ఇంకో పక్క వాలేవాళ్లని. ఫిబ్రవరి 9న అక్కడే పెద్ద పోరు జరిగింది. అదే నెల 16న ఇంగ్లీషు ఓడలు కనబడగానే లాలీ మూటాముల్లె సర్దుకున్నాడు. ఓడలు కాపాడాయని కోటలోవాళ్లు రాసుకున్నారు. ఓడలు వచ్చేదాకా లాలీని ఆకలితో, అనుమానంతో ఉంచింది యూసుఫ్ ఖాన్.

మరి ఆయన్ని ఏం చేశారు? మదురై పాలన అప్పగించారు, తరవాత తిరగబడ్డాడని అదే మదురైలో ముట్టడించారు, 1764 అక్టోబరు 15న ఉరి తీశారు. ఐదేళ్ల తరవాత హైదర్ అదే కొండ దగ్గర దిగి అదే పని చేస్తే, ఆ విద్య తెలిసి ఎదురు ఎత్తు వేయగల మనిషి కంపెనీలో లేడు. చరిత్రలో ఇలాంటి చోట్ల విధి అనడం మనకి అలవాటు. నేనైతే చేజేతులా చేసుకున్నదంటాను.

గుర్రాలు వెళ్లిపోయాక కౌన్సిలుకి గోడ గుర్తొచ్చింది. పేటల చుట్టూ ఉత్తరానా పడమరా గట్టి గోడ కట్టే పని పాల్ బెన్‌ఫీల్డ్ అనే కంట్రాక్టరు చేపట్టాడు. ఈయనే తరవాత ఆర్కాటు నవాబుకి అప్పులిచ్చి, ఆ అప్పుల రచ్చని బ్రిటిషు పార్లమెంటు దాకా తీసుకుపోయినవాడు. గోడ ఖర్చు పేటలవాళ్ల దగ్గర పన్నుగా పిండుదామనుకున్నారు. పన్ను వసూలు కాలేదు, పేరు మాత్రం నిలిచింది. సెంట్రల్ స్టేషన్లో దిగి షావుకారుపేట వైపు నడిచే తెలుగువాళ్లు దాటుకుంటూ పోయే వాల్‌టాక్స్ రోడ్డు అదే. గోడకి పెట్టిన గుమ్మాల్లో ఒకటి ఎలిఫెంట్ గేటు అన్న పేరుతో ఇంకా బతికుంది. గోడ ముక్క ఒకటి ఓల్డ్ జైల్ రోడ్డులో మాడి పూంగా అనే పార్కుగా నిలబడి ఉంది. ఎక్కి చూడండి, పైన ఎంత వెడల్పుందో చూస్తే హైదర్ దొరల్ని ఎంత హడలగొట్టాడో తెలుస్తుంది.

ఇంత చెప్పాక ఇంకొకటి చెప్పకపోతే దోషం. మన పుస్తకాల్లో ఈ తరహా పోరాటాన్ని వీరగాథగా మాత్రమే రాస్తారు. హైదర్ గుర్రాలు మేసింది కంపెనీ గడ్డి కాదు, చెంగల్పట్టు రైతు గడ్డి. తోలుకుపోయిన ఎద్దుల్లో దున్నే ఎద్దులూ ఉన్నాయి. 1780లో ఆయన రెండోసారి వచ్చినప్పుడు మదరాసు చుట్టూ ఒక మేర గీసి, ఆ లోపల ఊళ్లు తగలబెట్టించాడు, కోటకి గింజ చేరకూడదని. 1781, 82లో మదరాసు కరువుతో అల్లాడింది. ఆ కరువులో గంజి పోయడానికి 1782లో మొదలైనదే మణియగారి చావడి; కంజితొట్టి అని జనం పిలుచుకున్న ఆ చోటు నుంచే నేటి స్టాన్లీ ఆసుపత్రి పుట్టింది. గోడల లోపలున్న దొరలు బక్కచిక్కలేదు. గంజి కోసం వరసకట్టింది ఊళ్లొదిలి వచ్చిన జనం.

అల్లూరికీ హైదర్‌కీ తేడా కూడా ఇక్కడే ఉంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా మీద పడి తుపాకులు ఎత్తుకుపోయినప్పటి నుంచి 1924 మే 7న కాల్చి చంపేదాకా సీతారామరాజుని మన్యం జనమే పోషించింది, దాచింది. ఆయన్ని పట్టుకోవడానికి మలబారు పోలీసుల్ని, చివరికి అస్సాం రైఫిల్స్‌ని పంపిన ఆజ్ఞలు వెలువడింది ఇదే సెయింట్ జార్జి కోట నుంచి. రాజుకి జనమే మేత, జనమే కోట. హైదర్‌కి ఊళ్లు దారిలో తగిలే మేత మాత్రమే. ఎత్తుగడ ఒకటే కావచ్చు, రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

సంధి ఏమైందంటారా? 1771లో మాధవరావు పీష్వా సేనలు హైదర్‌ని చినకురళి దగ్గర చావగొట్టాయి. మూడో షరతు ప్రకారం సాయం పంపమని హైదర్ మదరాసుకి కబురు మీద కబురు పెట్టాడు. డుప్రే అప్పటికి గవర్నరు. సాకులు తప్ప ఒక్క సిపాయి రాలేదు. పరంగిమలై కింద ఆరు వేల గుర్రాలు సంపాదించిన కాగితం అక్కరకొచ్చిన రోజున చెల్లలేదు. హైదర్ అది మరచిపోలేదు. మురారి రావుని కూడా వదల్లేదు. 1776లో గుత్తి పట్టుకుని ఆయన్ని ఖైదుకి పంపాడు, ఆయన ఖైదులోనే పోయాడు.

1780 జూలైలో హైదర్ మళ్లీ కనుమలు దిగినప్పుడు కంపెనీ పటాలం ఒకటి మన గుంటూరులో ఉంది. దాని నాయకుడు కర్నల్ విలియం బెయిలీ. మదరాసుకి రమ్మని ఆజ్ఞ అందుకుని దక్షిణానికి నడిచిన ఆ పటాలం కొర్తలైయారు వరదకి ఆగిపోయింది; సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గర పొల్లిలూరులో హైదర్, టిప్పుల చేతికి చిక్కింది. ఆ కథ వచ్చే భాగంలో.